మన గ్వాలియరు పేరు పెనుకొండ

పోయిన దసరా సెలవుల్లో మా అక్క కొడుకును బండి మీద పెనుకొండకు తీసుకుపోయినాను. వాడు తొమ్మిదో తరగతి. మా చిలమత్తూరు నుంచి పోయి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర హైవే ఎక్కితే పెద్ద దూరమేం కాదు. గగనమహలు చూసినాం. ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నాం. బాబయ్య దర్గాలో కాసేపు కూర్చున్నాం. తిమ్మరుసు సమాధి అని చూపించే చోట నీళ్ళు తాగుతుంటే వాడు ఉన్నట్టుండి అడిగినాడు.

“మామా, ఔరంగజేబు వాళ్ళ నాయన్ని జైల్లో పెట్టి, అన్నదమ్ముల్ని చంపిచ్చినాడంట. మన రాజులు అట్లాంటోళ్ళు కాదు కదా?”

“కాదురా” అన్నాను.

వాడు తృప్తిగా బాటిలు మూత బిగించుకున్నాడు. నేను మాత్రం ఇంటికొచ్చేదాకా ఆ మాటే నములుకుంటూ వచ్చినాను. ఎందుకంటే నేను తెలియక చెప్పలేదు. తెలిసే చెప్పినాను. మేం తిరిగొచ్చిన ఆ కోటలోనే 1505లో ఒక రాజును చంపినారు. ఆయన్ను అక్కడ ఏళ్ళ తరబడి బందీగా ఉంచిందీ, చివరికి చంపించిందీ ఢిల్లీ నుంచి వచ్చిన తురకలు కాదు. ఆయన్ను కాపాడతామని ఆయన తండ్రికి మాటిచ్చినవాళ్ళ ఇంటివాళ్ళే. ఆ రాజు పేరు ఇమ్మడి నరసింహరాయలు. మా పిల్లోడికి ఆ పేరు తెలియదు. మీలో ఎంతమందికి తెలుసు?

దారాషికో పేరు మాత్రం అందరికీ తెలుసు. నా తగాదా అక్కడే. పక్కింటి హత్యలకు పేర్లు పెట్టి, తేదీలు వేసి, పిల్లలచేత బట్టీ పట్టిస్తాం. మనింటి హత్యలను ‘రాజ్యతంత్రం’ అంటాం, ‘విధి’ అంటాం, పాట పెట్టి సినిమా తీస్తాం. ఈ రెండు తక్కెళ్ళ బేరం ఇక చాలు.

*

ముందు మొఘలుల సంగతి. వాళ్ళను కడిగి ముత్యాలు చేసే ఉద్దేశం నాకు లేదు.

పెద్దకొడుకుకే పట్టం అన్న కట్టుబాటు ఆ వంశంలో లేదు. తైమూరు రక్తం ఉన్న ప్రతి మగపిల్లాడికీ గద్దె మీద హక్కుంది. కాబట్టి ప్రతివాడూ ప్రతివాడికీ ప్రమాదమే. జహంగీరు మీద 1606లో పెద్దకొడుకు ఖుస్రూ తిరగబడ్డాడు. తండ్రి అతని కళ్ళు పొడిపించాడు. పదహారేళ్ళ తర్వాత, 1622లో, తమ్ముడు ఖుర్రం కాపలాలో ఉండగా బుర్హాన్‌పూర్‌లో ఖుస్రూ చచ్చిపోయాడు. ఆ ఖుర్రమే షాజహాన్. 1628లో గద్దెనెక్కేటప్పుడు ఐదుగురు రాకుమారుల్ని చంపించాడు. తాజమహలు చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళకు ఈ ఐదుగురు గుర్తురారు. అది వేరే సంగతి.

ఆ విత్తనమే 1657లో మొలిచింది. షాజహాన్ మంచాన పడ్డాడని తెలియగానే నలుగురు కొడుకులూ సైన్యాలు కదిలించారు. 1658లో సామూగఢ్ దగ్గర దారా ఓడిపోయాడు. 1659లో అతని తల తెగింది. మురాద్‌ను గ్వాలియరు కోటలో పెట్టి, పాత హత్యకేసు ఒకటి బయటికి లాగి 1661లో చంపించారు. దారా కొడుకు సులేమాన్ షికోకు అదే కోటలో రోజూ నల్లమందు కాయల కషాయం తాగించి, 1662లో ఆ పనీ పూర్తి చేశారు. షాజహాన్ 1666 దాకా ఆగ్రా కోటలో కొడుకు ఖైదీగా బతికాడు. ఇదంతా నిజం. ఒక్క అక్షరం తగ్గించాల్సిన పని లేదు.

ఔరంగజేబు పోయాక ఆ మంట మన ఇంటి ముందుకే వచ్చింది. 1709 జనవరిలో అతని చిన్నకొడుకు కాంబక్ష్ హైదరాబాదు దగ్గర అన్న బహదూర్‌షా సైన్యం చేతిలో ఓడి, ఆ గాయాలతో చచ్చిపోయాడు. మొఘలుల అన్నదమ్ముల యుద్ధం ఒకటి తెలుగు నేల మీదే ముగిసింది.

సరే. ఇప్పుడు మనిల్లు చూద్దాం.

*

1485. విజయనగరంలో విరూపాక్షరాయల్ని కన్నకొడుకే పొడిచి చంపాడు. నూనిజ్ రాసిన దాని ప్రకారం, చంపిన పెద్దకొడుకు గద్దె నాకొద్దని తమ్ముడికి ఇచ్చేశాడు. తండ్రిని చంపినవాడు నన్ను మాత్రం చంపడా అని ఆ తమ్ముడు అన్నను చంపించాడు. ఈ గొడవల్లోనే చంద్రగిరి నుంచి సాళువ నరసింహుడు వచ్చి గద్దె తీసుకున్నాడు. సంగమ వంశం అయిపోయింది.

1491. సాళువ నరసింహుడు చనిపోతూ ఇద్దరు చిన్నపిల్లల్ని సేనాని తుళువ నరసానాయకుడి చేతిలో పెట్టాడు. పెద్దవాణ్ణి నరసానాయకుడి పగవాళ్ళు చంపారు. రెండోవాడే ఇమ్మడి నరసింహుడు. పేరుకు రాజు. ఉండేది పెనుకొండ కోటలో, కాపలా మధ్య. నరసానాయకుడు 1503లో పోయినాడు. కొడుకు వీరనరసింహుడు ఆ నాటకం కూడా ఎందుకనుకున్నాడు. 1505లో ఇమ్మడి నరసింహుడు పెనుకొండలోనే హతమయ్యాడు. సాళువ వంశం అయిపోయింది. ఆ హత్యతో గద్దె దక్కిన తుళువ వంశంలోనే మన కృష్ణదేవరాయలు రాజయ్యాడు.

1509. వీరనరసింహుడు చావుబతుకుల్లో ఉండి, తన ఎనిమిదేళ్ళ కొడుకుకు అడ్డు లేకుండా తమ్ముడు కృష్ణరాయల కళ్ళు పీకించమని తిమ్మరుసుకు చెప్పాడట. తిమ్మరుసు మేక కళ్ళు తెచ్చి చూపించాడట. ఇదీ నూనిజ్ చెప్పిందే. మన ఇళ్ళలో ఈ కథను తిమ్మరుసు తెలివికి నిదర్శనంగా చెప్తారు. కథ తిరగేసి చూడండి. ఒక అన్న చావుమంచం మీద నుంచి తమ్ముడి కళ్ళు అడుగుతున్నాడు. అది మొఘల్ కథ అయితే మనం ఎక్కడ ఆగుతాం? మేక దగ్గరా, అన్న దగ్గరా?

గద్దెనెక్కిన కృష్ణరాయలు ఏం చేశాడు? సోదరుల్నీ అన్నకొడుకునీ చంద్రగిరి కోటకు పంపించాడు. కాపలాకే. చంపలేదు, అది ఆయన గొప్పే, ఒప్పుకుంటాను. కానీ కట్టుబాటు మారలేదు. 1524లో ఆరేళ్ళ కొడుకు తిరుమలరాయలకు పట్టం కట్టాడు. కొన్ని నెలలకే ఆ పిల్లాడు చచ్చిపోయాడు. విషం పెట్టించింది తిమ్మరుసు కొడుకని ఎవరో రాజు చెవిన వేశారు. ఇంతకుముందు తన కళ్ళు కాపాడిన ముసలిమంత్రి కళ్ళు రాయలు తీయించాడు. ఆముక్తమాల్యదలో యామునాచార్యుడు రాజ్యం అప్పగిస్తూ కొడుకుకు రాజనీతి చెప్తాడు. అంత పొడుగు నీతి రాయించుకున్న కవిరాజు తన కొడుక్కి అది చెప్పే వయసు దాకా కూడా చూడలేకపోయాడు.

మా పక్క లేపాక్షిలో గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. అచ్యుతరాయల కోశాధికారి విరూపణ్ణ, రాజు శిక్ష పడకముందే తన కళ్ళు తానే పీకి విసిరేసిన గుర్తులంటారు. కథే కావచ్చు. కానీ ఒక సీమలో జనం చెప్పుకునే రాజుల కథలన్నీ కళ్ళ చుట్టే ఎందుకు తిరుగుతాయి? గుడ్డివాడికి గద్దె దక్కదు కాబట్టి. కళ్ళు పీకడం ఆ కాలపు రాజకీయ భాష. ఆ భాష ఆగ్రాలోనూ మాట్లాడారు, హంపీలోనూ మాట్లాడారు.

*

ఇంకా ఉంది. 1542లో అచ్యుతరాయలు పోయాక పిల్లవాడైన కొడుకు వెంకటరాయలకు పట్టం కట్టారు. ఆ పిల్లాణ్ణి చంపించింది సలకం తిరుమలయ్య. పిల్లాడి తల్లి తమ్ముడు. మేనమామ! ఈ వాక్యం రాస్తున్న నేనూ ఒక పిల్లాడికి మేనమామనే, చెయ్యి కాసేపు ఆగింది.

ఆ సలకం తిరుమలయ్యను చంపి, గుత్తి కోటలో ఉన్న సదాశివరాయల్ని తెచ్చి 1543లో గద్దెనెక్కించింది రామరాయలు. కృష్ణరాయల అల్లుడు గనక అళియ రామరాయలు. ఎక్కించినవాడే తర్వాత గొళ్ళెం వేశాడు. శాసనాలు సదాశివుడి పేరు మీద, అధికారం రామరాయల చేతిలో. 1567లో విజయనగరంలో ఏడు నెలలున్న వెనీసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, రాజును ఏడాదికొకసారి జనానికి చూపించేవాళ్ళని రాశాడు. మన ఊళ్ళలో ఉత్సవ విగ్రహాన్ని తిప్పినట్టే!

1565లో రాక్షసతంగడి ఓటమి తర్వాత తిరుమలరాయలు ఖజానాతో పాటు సదాశివుణ్ణి కూడా పెనుకొండకు తెచ్చాడు. సామాను లెక్కలో. 1570 నాటికి తిరుమలరాయలే రాజు. సదాశివుణ్ణి తిరుమలరాయల కొడుకే చంపాడని ఫ్రెడరిక్ మాట. తుళువ వంశం అయిపోయింది. ఒక వంశాన్ని తుడిచిన కోటే అరవై ఐదేళ్ళ తర్వాత ఇంకో వంశపు చివరి రాజుకు చెర అయ్యింది. రాకుమారుల్ని దాచి చంపడానికి మొఘలులకు గ్వాలియరు ఉంటే, మనకు పెనుకొండ ఉంది. తేడా ఏమంటే, గ్వాలియరులో ఎవరెవరు పోయినారో మనకు తెలుసు.

1614 సంగతి మరీ ఘోరం. రెండో వెంకటపతిరాయలు అన్నకొడుకు శ్రీరంగణ్ణి వారసుడని చెప్పి కన్నుమూశాడు. రాణి వైపు గొబ్బూరి జగ్గరాయడు, రాణికి పుట్టాడని చెప్పుకున్న ఇంకో పిల్లాణ్ణి ముందు పెట్టి, శ్రీరంగణ్ణి కుటుంబంతో సహా వేలూరులో బంధించాడు. చివరికి రాజునూ రాణినీ పిల్లల్నీ చెరలోనే తుదముట్టించారు. ఒక్క పిల్లాడు రాముడు మాత్రం బయటపడ్డాడు. వెలుగోటి యాచమనాయకుడు పన్నిన ఉపాయం, కోట లోపలికి పోయి వచ్చే చాకలాయన చేసిన సాహసం. మురికిబట్టల మూటలో పిల్లాణ్ణి చుట్టుకుని కాపలాదార్ల ముందు నుంచే బయటికి తెచ్చాడని పాదిరీ బర్రదాస్ ఉత్తరంలో ఉంది. తర్వాత తోపూరు యుద్ధం. తంజావూరు నాయకుడు ఒక పక్క, మధుర, జింజి నాయకులు ఇంకో పక్క. జగ్గరాయడు చచ్చాడు, రాముడికి పట్టం దక్కింది. సామ్రాజ్యం మాత్రం మళ్ళీ లేచి నిలబడలేదు.

*

ఇప్పుడు నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. వరసగా చెప్పుకుందాం.

ఒకటి: “అవన్నీ పోర్చుగీసువాళ్ళ రాతలు. నూనిజ్ గుర్రాల వ్యాపారి, చెవిన పడిందల్లా రాశాడు.” కావచ్చు. నూనిజ్ సంవత్సరాలు కలగాపులగం చేస్తాడు, ఒకరి హత్య ఇంకొకరి ఖాతాలో వేస్తాడు. ఇమ్మడి నరసింహుణ్ణి నరసానాయకుడే చంపించాడని రాశాడు, చరిత్రకారులు దాన్ని దిద్ది వీరనరసింహుడి దగ్గర పెట్టారు. జాగ్రత్తగానే చదవాలి. కానీ మరి పేస్ సంగతేంటి? హంపీ బజార్లనూ మహర్నవమి వైభవాన్నీ చూసి నోరు తెరిచిన పేస్ కూడా పోర్చుగీసువాడే. ఆయన మాట కరపత్రాల మీదికీ, ఉపన్యాసాల్లోకీ ఎక్కించుకున్నాం. 1900లో రాబర్ట్ సూయెల్ అచ్చేసిన పుస్తకంలో పేసూ నూనిజూ ఒకే అట్టల మధ్య ఉన్నారు. పొగడ్త ఉన్న పేజీ సాక్ష్యం, హత్య ఉన్న పేజీ పుకారు అంటే ఒప్పుకునేదెట్లా?

రెండు: “మొఘలులది మత క్రౌర్యం, మనవాళ్ళది రాజకీయం.” ఖుస్రూ కళ్ళు పొడిపించిందీ ముసల్మానే, పొడిపించుకున్నదీ ముసల్మానే. ఇమ్మడి నరసింహుడూ హిందువే, చంపినవాళ్ళూ హిందువులే. ఒట్టోమన్ సుల్తాను మూడో మెహ్మెద్ 1595లో పట్టం కట్టుకుంటూ పంతొమ్మిదిమంది సోదరుల్ని చంపించాడు. అక్కడ మాత్రం మతం ఏం చేసింది? అధికారం ఎవరికి పోవాలన్నదానికి అందరూ ఒప్పుకున్న నియమం లేనిచోట కత్తే నియమం. రాజు బొట్టు పెట్టుకున్నాడా లేదా అని కత్తి చూడదు.

మూడు: “రెండూ ఒకటే ఎట్లవుతాయి?” ఇది అసలైన ప్రశ్న. ఒకటి కావు. తేడా ఉంది. ఆ తేడా మనకు గర్వకారణం మాత్రం కాదు.

మొఘల్ రాకుమారులు పెరిగి పెద్దయి, సుబాలు ఏలి, సైన్యాలు నడిపి, తమ మనుషుల్ని కూడగట్టుకుని అప్పుడు కొట్టుకున్నారు. ఆ పోటీయే సామ్రాజ్యాన్ని తరతరానికీ కొత్త రక్తంతో నింపిందని మునిస్ ఫారూఖీ 2012లో ఒక పుస్తకమే రాశాడు. ఆయనతో పూర్తిగా ఒప్పుకోకపోయినా ఒక మాట కాదనలేం. ఎంత కొట్టుకున్నా 1526 నుంచి 1857 దాకా, సూర్లు ఏలిన కొన్నేళ్ళు తీసేస్తే, గద్దె ఆ వంశంలోనే ఉంది. విజయనగరంలో జరిగింది వేరు. మూడు వంశాలు మారినప్పుడూ రాజ్యం సేనాని చేతికో సంరక్షకుడి చేతికో పోయింది. రెండుసార్లు వరస అదే: పిల్లాణ్ణో చేతకానివాణ్ణో గద్దెనెక్కించడం, కోటలో పెట్టి తాళం వేయడం, అదను చూసి తుడిచేయడం. వాళ్ళు పోటీదారుల్ని చంపారు. మనవాళ్ళు నమ్మి చేతిలో పెట్టిన బిడ్డల్ని చంపారు. ఇందులో ఏది ధర్మమో నాకు ఎవరైనా చెప్పండి.

మొఘలులు కూలిపోయింది కూడా మన దారి పట్టినప్పుడే. 1713 నుంచి సయ్యద్ సోదరులు రాజుల్ని ఎక్కించీ దించీ ఆడుకున్నారు. 1719లో ఫర్రుఖ్‌సియర్ కళ్ళు తీసి చంపి, ఆ ఒక్క ఏడాదిలో ముగ్గురిని గద్దెనెక్కించారు. సయ్యద్ సోదరుల్ని చదువుతుంటే నాకు కొత్తగా అనిపించలేదు. నరసానాయకుణ్ణీ రామరాయల్నీ ముందే చదివి ఉన్నాను కదా.

*

“ఐదొందల ఏళ్ళ కిందటి శవాల్ని తవ్వడం దేనికి?” ఇది నాలుగో జవాబు. ఔరంగజేబు విషయంలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు, గమనించారా?

దేనికంటే, పిల్లలకోసం. 2023లో పన్నెండో తరగతి జాతీయ పాఠ్యపుస్తకం నుంచి మొఘల్ దర్బారుల పాఠం తీసేశారు. విజయనగరం పాఠం ఉంచారు. ఉంచడం మంచిదే. రెండూ ఉండాలి. పక్కపక్కన ఉంటేనే పిల్లాడికి అసలు పాఠం అర్థమవుతుంది. ఒకటి తీసేస్తే తీసేసిన చోట బజారు కథ వచ్చి కూర్చుంటుంది, ఉంచిన చోట పూజ మొదలవుతుంది. మా అక్క కొడుకు నన్ను అడిగిన ప్రశ్న ఆ బజారు నుంచి వచ్చిందే. దానికి నేను వేసిన జవాబు పూజ.

ఇంకొక కారణం మా ఊరి పక్కదే. 1962లో ‘మహామంత్రి తిమ్మరుసు’ సినిమా వచ్చింది. అందులో మంత్రి నిర్దోషి. కృష్ణదేవరాయలు వేసింది ఎన్.టి. రామారావు. ఆయనే 1985 నుంచి మా హిందూపురం ఎమ్మెల్యే. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది అల్లుడు చంద్రబాబు నాయుడి వైపు పోయి, ఆయన ముఖ్యమంత్రి పదవి పోయింది. కొందరు దాన్ని వెన్నుపోటన్నారు, కొందరు పార్టీని నిలబెట్టడమన్నారు. ఎవరిది న్యాయమో ఇక్కడ తేల్చను. నేను చూసేది వేరొకటి. మామా అల్లుళ్ళ మధ్య అంత పెద్ద అధికారం చేతులు మారినా ఎవరి కళ్ళూ పోలేదు, ఏ పిల్లాడూ కోటలో మగ్గలేదు. తలలు లెక్కపెట్టారు, నరకలేదు. రాజ్యాంగం అని ఒక నియమం ఉంది గనక. మన రాజుల కాలానికీ మనకూ నడుమ ఉన్న గోడ అదొక్కటే.

ఆ గోడను మనమే గోకుతున్నాం. ఎన్నికల్లో గెలిచినవాడికి ‘పట్టాభిషేకం’ అని పతాక శీర్షిక. కొడుకు రాజకీయాల్లోకి వస్తే ‘వారసుడి రంగప్రవేశం’. హిందూపురం సీటు రామారావు తర్వాత ఇద్దరు కొడుకుల దగ్గరికీ వచ్చింది, మధ్యలో ఇతరులు గెలిచినా. ఎవరూ లాక్కోలేదు, ఓట్లేసింది మేమే. ఏ పార్టీ తీసుకున్నా తండ్రి తర్వాత కొడుకు, మామ తర్వాత అల్లుడు, భర్త తర్వాత భార్య. ఎమ్మెల్యేల్ని మూటగట్టి రిసార్టులో పెట్టి తాళం వేస్తే చప్పట్లు కొడతాం. రాజుల కాలం బంగారు కాలమని నమ్మినవాళ్ళకు ఇందులో తప్పేం కనిపిస్తుంది? పూజ చేసినంతకాలం పాఠం చదవం.

కృష్ణరాయల్ని ప్రేమించొద్దని నేను అనడం లేదు. ఆయన పద్యాలు నాకూ ఇష్టమే. ఆయన కట్టించిన చెరువుల గురించి గొప్పగా చెప్పుకునే సీమ మాది. కానీ ప్రేమించినవాళ్ళ తప్పు చెప్పలేని ప్రేమ బానిసత్వం. తిమ్మరుసు కళ్ళు తీయించిన రాజునూ, ఆముక్తమాల్యద రాసిన కవినీ ఒకే మనిషిగా చూడగలిగినవాడే ఔరంగజేబును కూడా మనిషిగా చూసి, చేసిన నేరాలకు నేరస్తుడని అనగలడు. మిగతావాళ్ళది చరిత్ర కాదు, జట్టు కట్టడం.

పోయిన ఆదివారం పిల్లోణ్ణి కూర్చోబెట్టుకుని, ఆ పొద్దు నేను చెప్పింది అబద్ధమని చెప్పినాను. ఇమ్మడి నరసింహుడి నుంచి వేలూరు చెర దాకా మొత్తం చెప్పినాను. వాడికి కోపం వస్తుందేమో, ముఖం ముడుచుకుంటాడేమో అనుకున్నాను. అదేం లేదు. చివరి కథ రెండోసారి చెప్పించుకున్నాడు. కాసేపు ఆలోచించి అడిగినాడు:

“బట్టల మూటలో పిల్లోణ్ణి పెట్టుకొచ్చినాడే, ఆయన పేరేంది మామా?”

బర్రదాస్ ఉత్తరంలో రాజుల పేర్లున్నాయి, నాయకుల పేర్లున్నాయి. ఆయన పేరు లేదు. వాడికి అదే చెప్పినాను.